వీకెండ్‌కి బార్డర్ దాటి బీదర్: ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము హైదరాబాద్ చందానగర్‌లో ఉంటాం. నేను, మా ఆయన, పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ పిల్లాడు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య. నాలుగేళ్ళలో మూడుసార్లు కర్ణాటకలోని బీదర్ వెళ్ళొచ్చాం, వెళ్ళొచ్చిన ప్రతిసారీ లిఫ్ట్‌లోనూ ఆఫీస్ క్యాంటీన్‌లోనూ అవే ప్రశ్నలు. ఇక విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

బీదరా? అక్కడేముంది?

ఈ మాట అన్నవాళ్ళలో సగంమంది హంపీకి ప్లాన్ వేసుకుని, సెలవులు దొరక్క మానుకున్నవాళ్ళే. బీదర్‌లో కోట ఉంది, అదీ తీరిగ్గా చూస్తే సగం రోజు పట్టే కోట. ఐదువందల యాభై ఏళ్ళ నాటి కాలేజీ ఉంది. నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి దర్శనం చేసుకునే నరసింహస్వామి గుహ ఉంది, ఎవరొచ్చినా అన్నం పెట్టే గురుద్వారా ఉంది, నల్లటి లోహం మీద వెండి పొదిగే బిద్రీ పనివాళ్ళున్నారు. ఇన్ని ఉన్నా జనం తోపులాట ఉండదు. గోల్కొండలో ఆదివారం ఫొటో తీస్తే మన వెనక నలభైమంది పడతారు, ఇక్కడ మేకలు పడతాయి.

పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు కదా, రాత్రి ఉండటం ఎందుకు?

రావచ్చు. మొదటిసారి మేమూ అదే చేశాం, అదే తప్పు చేశాం. పదకొండుకి చేరి, మిట్టమధ్యాహ్నం ఎండలో కోటంతా ఉరుకుల పరుగుల మీద తిరిగి, నాలుగింటికి గుహ దగ్గర క్యూలో నిలబడి, ఐదున్నరకి బిద్రీ షాపులో "తొందరగా తేల్చు, చీకటి పడుతుంది" అని మా ఆయన గొణుగుతుంటే ఏదో ఒకటి కొని, రాత్రి పదిన్నరకి ఇంటికి చేరాం. బీదర్ ఎలా ఉందని మర్నాడు మా అమ్మ అడిగితే ట్రాఫిక్ గురించి చెప్పాను.

బీదర్‌ను సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా ఒకసారి, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఒకసారి చూడాలి. ఊరంతా ఎర్ర రాయి మీదే ఉంది, కట్టడాలూ ఎక్కువగా ఆ రాయితోనే కట్టారు. చిల్లులు చిల్లులుగా ఉండే ఆ రాయి మధ్యాహ్నం ఎండలో తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది, సాయంత్రం అదే రాయి బెల్లం రంగులోకి తిరుగుతుంది. ఆ రెండు పూటలూ దొరకాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి, నేను చెప్పే ప్లాన్ అంతా దీని మీదే నిలబడి ఉంది. రాత్రి ఉండటం కుదరదంటే ఈసారికి వికారాబాద్ వెళ్ళండి, బీదర్‌ను ఇంకోసారికి దాచుకోండి.

ఏ దారి? ఎంతసేపు?

ముంబై హైవే మీద పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్. జహీరాబాద్ దగ్గర కుడివైపు బీదర్ రోడ్డు ఎక్కితే ఇంకో ముప్పై కిలోమీటర్లు. మా ఇంటి నుంచి నూట ఇరవై చిల్లర. దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఔటర్ ఎక్కి ముత్తంగి దగ్గర దిగితే పటాన్‌చెరు ఊరిలో ఇరుక్కోరు. కంకోల్ దగ్గర టోల్ ఉంటుంది, ఫాస్టాగ్‌లో డబ్బులు ముందు రోజే చూసుకోండి.

టైమ్ అంటారా, శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరితే మధ్యలో టిఫిన్‌కి ఆగినా తొమ్మిదిన్నరకి బీదర్‌లో ఉంటారు. ఎనిమిదింటికి బయలుదేరితే ఎప్పుడు చేరతారో నేను చెప్పలేను, అది పటాన్‌చెరు చెప్పాలి.

కారు లేదు. బస్సులో, రైల్లో వెళ్ళొచ్చా?

హాయిగా వెళ్ళొచ్చు. ఎంజీబీఎస్ నుంచి మన ఆర్టీసీ బస్సులూ ఉంటాయి, కర్ణాటక వాళ్ళ కల్యాణ కర్ణాటక ఆర్టీసీ బస్సులూ ఉంటాయి. సంగారెడ్డి, జహీరాబాద్‌లలో కూడా ఎక్కొచ్చు. రైలు వికారాబాద్, జహీరాబాద్ మీదుగా వెళ్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకి అదే సగం టూర్, కాకపోతే బస్సు కంటే ఎక్కువసేపు పడుతుంది. ఊళ్ళో తిరగడానికి ఆటో రోజంతా మాట్లాడుకోండి. ఆటోవాళ్ళకి చూడాల్సిన చోట్లన్నీ వరసగా నోటికి వచ్చు. ఊరి బయట సుల్తానుల సమాధులున్న అష్టూరు కూడా కలిపే రేటు మాట్లాడుకోవాలి, లేకపోతే అక్కడికి వెళ్ళేటప్పుడు మళ్ళీ బేరం మొదలవుతుంది.

ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు బీదర్ దాకా వర్తిస్తుందా?

దాకా కాదు, బార్డర్ వరకే. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ సరిహద్దు వరకు జీరో టికెట్ ఇస్తారు, అక్కడి నుంచి మిగతా దూరానికి టికెట్ కొనాలి. ఆధార్ మర్చిపోకండి. అవతల కర్ణాటకలో కూడా 'శక్తి' అని ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు ఉంది గానీ అది కర్ణాటక వాళ్ళకే. మా పిన్ని మన ఆధార్ కార్డు తీసి అక్కడి కండక్టర్‌కి చూపిస్తే ఆయన నవ్వి, "అమ్మా, ఇది మీ రేవంత్ గారి బస్సు కాదు" అన్నాడట, తెలుగులోనే.

బార్డర్ దగ్గర ఆపుతారా? ఏమైనా పర్మిట్ కావాలా?

సొంత కారుకి వీకెండ్ ట్రిప్పుకి ఏమీ అక్కర్లేదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్ ఉంటే చాలు. ట్యాక్సీ మాట్లాడుకుంటే మాత్రం కర్ణాటకకి పర్మిట్ ఉందా, లేకపోతే ఆ డబ్బు ఎవరు కడతారు అన్నది బయలుదేరకముందే తేల్చుకోండి. మందు సీసాలు అటూ ఇటూ తీసుకెళ్ళే ఆలోచన మానుకోండి, ఎక్సైజ్ వాళ్ళు ఆపితే వీకెండ్ అక్కడే అయిపోతుంది. పెట్రోల్ ఈ మధ్య ఏళ్ళలో కర్ణాటక వైపు లీటరుకి కొన్ని రూపాయలు తక్కువే ఉంటోంది, అందుకని వెళ్ళేటప్పుడు సరిపోయేంత ఉంచుకుని ట్యాంకు అక్కడ ఫుల్ చేయిస్తాం.

అసలు ఈ బార్డర్ వయసెంతో తెలుసా? 1956 నవంబర్ 1. అంతకుముందు బీదర్ కూడా మన హైదరాబాద్ స్టేట్‌లో ఒక జిల్లా. ఇప్పుడు మనం తెలంగాణ అనుకుంటూ దాటుతున్న జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పుడు బీదర్ జిల్లాలో తాలూకాలు. భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు ఆ జిల్లాని మూడు ముక్కలు చేశారు: తెలుగు ముక్క ఆంధ్రప్రదేశ్‌కి, మరాఠీ ముక్క బొంబాయి రాష్ట్రానికి, మిగిలింది మైసూరుకి. అందుకే ఆ ముప్పై కిలోమీటర్లలో బోర్డుల మీద అక్షరాలు మారతాయి తప్ప మట్టి రంగు మారదు, మనుషుల యాస కూడా పెద్దగా మారదు.

కన్నడ రాదు. ఇబ్బంది అవుతుందా?

అస్సలు కాదు. హైదరాబాదీ హిందీ, అదే దక్కనీ, బీదర్‌లో ఇంకా బాగా నడుస్తుంది. పెద్ద వయసు వాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఇక లిపి సంగతి: తెలుగు చదవడం వస్తే కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదివేయొచ్చు, తలకట్టే కాస్త వేరు. కారులో పిల్లలకి ఇది మంచి ఆట. ఫోన్ అడగకుండా నలభై నిమిషాలు గడిచిపోయాయి.

మా అత్తయ్య కూడా ఆటలోకి దిగింది. ఒక బోర్డు మీద 'ఊట' అని చదివి, "ఇక్కడ కూడా నీళ్ళ ఊట ఉందట్రా, ఆపండి చూద్దాం" అంది. ఆగాం. అది భోజనం హోటల్. కన్నడంలో ఊట అంటే భోజనం. ఆగాం కాబట్టి తినేశాం.

కోటకి ఎంత టైమ్ పెట్టుకోవాలి? ముసలివాళ్ళు నడవగలరా?

తక్కువలో తక్కువ మూడు గంటలు. కారు కోట లోపలి దాకా వెళ్తుంది కాబట్టి మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి గోల్కొండ ఎక్కినంత శిక్ష ఉండదు. అత్తయ్య చెట్టు కింద బెంచీ చూసుకుని కూర్చుంది, మేము తిరిగి తిరిగి ఆవిడ దగ్గరికి వచ్చి మంచినీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాం.

లోపలికి దూరేముందు కందకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. చాలామంది కారు ఆపకుండా దాటేస్తారు. మట్టి తవ్వి చేసిన కందకం కాదది, రాయిని తొలిచింది. ఒకటి కాదు, పక్కపక్కనే మూడు వరసలు, మధ్యలో రాయినే గోడల్లాగా వదిలేశారు. సుత్తి, ఉలి తప్ప ఏమీ లేని రోజుల్లో ఇంత లోతు ఎలా కొట్టారని మా అమ్మాయి అడిగింది, నా దగ్గర జవాబు లేదు. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా 15వ శతాబ్దంలో గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు ఈ కోటని ఇంత పెద్దగా కట్టించాడు. తర్వాత బరీద్ షాహీలు, బీజాపూర్ వాళ్ళు, మొఘలులు, చివరికి నిజాములు.

లోపల రంగీన్ మహల్ తప్పకుండా చూడాలి. చాలాసార్లు తాళం వేసి ఉంటుంది, అక్కడున్న పురావస్తు శాఖ సిబ్బందిని మర్యాదగా అడిగితే తీస్తారు. మేము వెళ్ళిన మూడుసార్లలో రెండుసార్లు తీశారు. చెక్క స్తంభాల మీద చెక్కడం దాటుకుని లోపలి గదికి వెళ్తే, తలుపు చుట్టూ నల్లరాయిలో ముత్యపు చిప్పలు పొదిగి ఉంటాయి. ఫోన్ టార్చి వేసి అటూ ఇటూ కదపండి, ముక్క ముక్కకీ రంగు మారుతుంది, కాసేపు ఆకుపచ్చ, కాసేపు గులాబీ. పక్కనే సోలా ఖంబా మసీదు, పదహారు స్తంభాలని పేరు, లోపల నిజానికి అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి (మా పిల్లాడు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాడు). పాత రాజుల స్నానశాలలో మ్యూజియం ఉంది, చిన్నదే. గగన్ మహల్, తఖ్త్ మహల్ బయటి నుంచి చూసినా చాలు.

పిల్లలకి బోర్ కొట్టదా?

కట్టడాల చరిత్ర చెప్తే కొడుతుంది. మావాళ్ళకి నచ్చినవి చెప్తాను: కోటలో పెద్ద ఫిరంగి, గుహలో గబ్బిలాలు, అష్టూరులో సగం విరిగిన సమాధి. ఇంకోటి విమానాలు. బీదర్‌లో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, ఫైటర్ పైలట్లకి హాక్ విమానాల మీద ట్రైనింగ్ ఇచ్చేది ఇక్కడే, విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు మకాం కూడా ఇదే. కోట గోడ మీద ఉండగా నెత్తి మీద నుంచి ఒకటి దూసుకుపోయిందంటే ఇక బహమనీలని ఎవరూ పట్టించుకోరు. శని, ఆదివారాల్లో ఎగురుతాయని మాత్రం మాటివ్వకండి. డ్రోన్ తీసుకెళ్ళే పని పెట్టుకోవద్దు.

మదర్సా చూడాలా? కూలిపోయిందట కదా?

సగం కూలింది, మిగిలిన సగమే చాలు. మహమూద్ గవాన్ అని ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడ ప్రధానమంత్రి అయిన పెద్దమనిషి 1472లో కట్టించాడు, మూడంతస్తుల కాలేజీ, హాస్టల్, లైబ్రరీ అన్నీ అందులోనే. తొమ్మిదేళ్ళకి ఎవరో ఆయన ముద్రతో దొంగ ఉత్తరం పుట్టించారు, తాగిన మత్తులో ఉన్న సుల్తాన్ విచారణ కూడా లేకుండా ఆ ముసలాయన తల తీయించాడు. ఆ తర్వాత రాజ్యం ఎంతో కాలం నిలవలేదు, ముక్కలైపోయింది. మన గోల్కొండ కుతుబ్ షాహీలు అందులో ఒక ముక్కే. 1696లో పేలుడు జరిగి ముందు భాగం, రెండు మినార్లలో ఒకటి పోయాయి.

మిగిలిన మినార్ దగ్గరికి వెళ్ళి మెడ ఎత్తి చూడండి. నీలం, తెలుపు, పసుపు పలకలు మెలికలు మెలికలుగా పైకి పోతుంటాయి. కొన్ని చోట్ల పలక ఊడిపోయి కింద సున్నం మాత్రం మిగిలింది, ఆ సున్నంలో పలక అంచు గుర్తు ఇంకా చెక్కుచెదరలేదు. పొద్దున ఏడింటికి వెళ్ళాం. పావురాలు, ఒక వాచ్‌మన్, మేము. అక్కడి నుంచి నడుచుకుంటూ వెళ్తే చౌబారా, ఊరి నడిబొడ్డున గుండ్రటి బురుజు.

అష్టూరు అంత దూరం వెళ్ళడం అవసరమా?

ఎంతో దూరం కాదు, ఊరి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం ఐదింటికి వెళ్ళండి. పొలాల మధ్య వరసగా బహమనీ సుల్తానుల గుమ్మటాలు. ఒకదాన్ని పిడుగు నిలువునా చీల్చింది, హుమాయూన్ షా అని క్రూరుడిగా పేరుపడ్డ సుల్తాన్‌ది. 'జాలిం' అనేవాళ్ళట. సగం కోసిన జామకాయలాగా నిలబడి ఉంటుంది, గోడ మందం ఎంతో, లోపలి గుమ్మటం పైదాకా ఎలా పోయిందో ఇంజనీరింగ్ పాఠం చెప్పినట్టు కనిపిస్తుంది. పాపం చేస్తే పిడుగు పడుతుందని అత్తయ్య మావాడికి అక్కడికక్కడే చూపించేసింది.

ఆ వరసలోనే అహ్మద్ షా వలీ సమాధి. లోపల చీకటి, కళ్ళు అలవాటు పడేదాకా ఆగండి, అప్పుడు పైకప్పు మీద బంగారు రంగు, కుంకుమ రంగు రాతలూ తీగలూ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఈయన్ని ముస్లింలు వలీగా, అంటే మహాత్ముడిగా, లింగాయతులు అల్లమప్రభు అవతారంగా కొలుస్తారు. ఉర్సుకి జంగమయ్య వచ్చి శంఖం ఊదుతాడు. ఇది నాకు అక్కడున్న ముజావర్ చెప్పాడు, దారిలో ఆటో అతను అంతకుముందే చెప్పాడు, రాత్రి లాడ్జి అతను మళ్ళీ చెప్పాడు. ఊరందరికీ అదంటే అంత గర్వం.

నరసింహ ఝరణి గుహలోకి పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే. పొడవాటి సొరంగంలో నీళ్ళలో నడవాలి. నీళ్ళు నడుము నుంచి ఛాతీ దాకా వస్తాయి, నాలుగైదు అడుగులు. చిన్నపిల్లల్ని తండ్రులు భుజాల మీద ఎక్కించుకుంటారు. పైన గబ్బిలాలు వేలాడుతుంటాయి, ఏమీ అనవు, కానీ ఒక రకమైన వాసన ఉంటుంది. చివర గోడకి నరసింహస్వామి, శివలింగం. జలాసురుడనే రాక్షసుణ్ణి స్వామి చంపితే వాడే నీళ్ళై ఆయన పాదాల దగ్గర పారుతున్నాడని కథ.

ఊపిరి ఆడదేమో అనే భయం ఉన్నవాళ్ళు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు లోపలికి వద్దు. బయట నుంచే దండం పెట్టుకోవచ్చు. మా అత్తయ్య అదే చేసింది. అప్పుడప్పుడూ నీళ్ళు తగ్గాయనో మరమ్మతులనో మూసేస్తుంటారు కాబట్టి ఊళ్ళోకి రాగానే ఎవరినైనా అడిగి కనుక్కుని వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి, పది దాటితే లోపల మనుషుల కంటే అరుపులు ఎక్కువ.

ఆడవాళ్ళు చీర కంటే చుడీదార్‌తో వెళ్తే సుఖం, తడిబట్టలు మార్చుకోవడానికి ఒక జత విడిగా పెట్టుకోండి. ఫోన్లు, పర్సులు బయట ఉన్నవాళ్ళ చేతికి ఇవ్వండి. ఫోన్ ఇచ్చేశాడు మా ఆయన, పర్సు ఇచ్చేశాడు, వాచీ కూడా తీసి ఇచ్చాడు. కారు తాళం మాత్రం నిక్కర్ జేబులో ఉంది. బయటికొచ్చి రిమోట్ నొక్కితే కారు పలకలేదు. లోపల దాగి ఉన్న ఇనుప తాళంతో తలుపు తీస్తే హారన్ మొదలైంది, గుడికి వచ్చినవాళ్ళంతా మావైపే చూస్తున్నారు, తడిబట్టలతో ఆయన, ఒళ్ళో మా ఫోన్లన్నీ పెట్టుకుని "నన్నడిగితే తాళం కూడా పట్టుకునేదాన్ని కదా" అంటూ అత్తయ్య. గంటసేపు ఎండలో పెట్టాక అదే బాగైంది.

గురుద్వారాకి మనం వెళ్ళొచ్చా?

ఎవరైనా వెళ్ళొచ్చు. నానక్ ఝీరా సాహిబ్. నీటి కరువుతో అల్లాడుతున్న ఈ ఊరికి గురునానక్ వచ్చినప్పుడు పాదంతో ఒక రాయిని కదిపితే తియ్యటి నీళ్ళు ఉబికాయని నమ్మకం. ఆ నీళ్ళు ఇప్పటికీ వస్తున్నాయి. తలమీద గుడ్డ ఉండాలి, అక్కడ కూడా ఇస్తారు. నేల మీద వరసల్లో కూర్చోబెట్టి వేడి రొట్టె, పప్పు, కూర పెడతారు, రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి, మావాడు ఒక్క చెయ్యి చాపితే పెద్దాయన నవ్వుతూ రెండోది కూడా చాపించాడు. తిన్నాక గిన్నెలు తోమే దగ్గర కాసేపు నిలబడండి. ఇంట్లో ప్లేటు సింకులో వెయ్యని మా అమ్మాయి అక్కడ ముప్పావుగంట గిన్నెలు తోమింది.

తిండి ఎలా ఉంటుంది?

శాకాహారులైతే 'ఖానావళి' అని రాసి ఉన్న చోటుకి వెళ్ళండి. జొన్న రొట్టె, ఎన్నెగాయి అంటే మన గుత్తి వంకాయకి అన్నలాంటిది, పల్లీల పొడి, దాని మీద పెరుగు. రొట్టె పలచగా, కాగితంలా విరిగేది ఒకటి, మెత్తటిది ఒకటి, రెండూ అడగొచ్చు. మాంసాహారులకి పాత ఊళ్ళో బిర్యానీ, ఇరానీ చాయ్. హైదరాబాద్‌లో దొరికే కల్యాణీ బిర్యానీ ఇక్కడి బసవకల్యాణ్ నవాబుల ఇళ్ళ నుంచే వచ్చిందని చెబుతారు. అది బఫెలో మాంసంతో చేస్తారు, తినని వాళ్ళు అడిగి తినండి.

బిద్రీ సామాను ఎక్కడ కొనాలి? మోసాలుంటాయా?

చౌబారా చుట్టుపక్కల సందుల్లో పని చేసే చోట్లున్నాయి. షోరూమ్ కంటే ముందు అక్కడికి వెళ్ళండి. కొనకపోయినా ఏమీ అనరు, పని చూపిస్తారు.

మేము చూసింది చెప్తాను. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసిన చిన్న కూజా, బూడిద రంగులో ఉంది. దాన్ని మైలుతుత్తం నీళ్ళతో తాత్కాలికంగా నల్లగా చేసి, దాని మీద గీతలు గీసి, ఉలితో సన్నటి గాడి తీశాడు. ఆ గాడిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో టిక్ టిక్ టిక్. తీగ లోపలికి దిగిపోయింది. తర్వాత అరగదీస్తే మళ్ళీ అంతా తెల్లగా అయిపోయింది, వెండేదో జింకేదో తెలియలేదు. అప్పుడు దాన్ని వేడి చేసి, కోటలోని పాత మట్టిని నవసాగరంతో కలిపిన ముద్ద పూసి రుద్దాడు. ఒక్క నిమిషం. కడిగి తీస్తే లోహమంతా కాటుకలాగా నల్లబడింది, వెండి మాత్రం తళతళా అలాగే ఉంది. మా అమ్మాయి "మళ్ళీ చెయ్యండి అంకుల్" అంది. ఎండ, వాన తగలని చోటి మట్టే పనికొస్తుందట, మంచిదో కాదో నాలుక మీద వేసుకుని చెప్పేస్తారు. ఈ పనికే బీదర్‌కి చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇక మోసం. మొదటిసారి తొందరలో ఒక షాపులో కొన్న కుంకుమ భరిణె ఇంటికొచ్చి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. పెయింట్. అందుకే కొనేముందు గుడ్డకి ఒక చుక్క నూనె వేసి గట్టిగా రుద్ది చూడండి, అసలైన దాని నలుపు ఊడదు. చేతిలో పట్టుకుంటే సైజుకి మించిన బరువుండాలి. వెండి తీగ పక్క గీతలోకి చిందినట్టు కాకుండా అంచు తేటగా ఉండాలి. వెండి రేటు పెరిగింది కాబట్టి మరీ చవగ్గా ఇస్తామంటే అనుమానించండి, అలాగని పనివాడి దగ్గర కూర్చుని సగానికి సగం బేరమాడకండి. ఇంటికొచ్చాక పీతాంబరి, చింతపండు పెట్టి తోమొద్దు, నలుపు మసకబారితే కాస్త కొబ్బరినూనెతో తుడిస్తే చాలు.

ఎక్కడ ఉండాలి?

ఊళ్ళో మామూలు హోటళ్ళు చాలానే ఉన్నాయి, స్టార్ హోటల్ ఊహించుకుని వెళ్ళకండి. ఒక సలహా: బుక్ చేసేముందు ఫోన్ చేసి "మీ హోటల్‌కి ఫంక్షన్ హాల్ ఉందా, ఆ రోజు పెళ్ళుందా" అని అడగండి. ఫొటోలో కిటికీలోంచి కోట కనిపించిన ఒక హోటల్‌లో దిగాం. కిటికీ తీస్తే పెళ్ళి మండపం, రాత్రి పన్నెండు దాకా డీజే. మూడో పాటకి మా పిల్లలు కిందికెళ్ళి బరాత్‌లో డ్యాన్స్ చేసి, ఐస్‌క్రీమ్ తిని వచ్చారు.

ఏ నెలల్లో బాగుంటుంది?

నవంబర్ నుంచి ఫిబ్రవరి. ఊరు ఎత్తు మీద ఉంది, రెండు వేల అడుగులకి పైనే, హైదరాబాద్ కంటే కొంచెం చల్లగానే ఉంటుంది, పొద్దున స్వెట్టర్ కావాలి. డిసెంబర్, జనవరిల్లో ఎళ్ళ అమావాస్య రోజు కుదిరితే చూడండి, ఇంటిల్లిపాదీ పొలాలకి వెళ్ళి సజ్జ రొట్టె, రకరకాల కూరగాయలు కలిపి వండిన భజ్జీ, అంబలి తింటారు. వానాకాలం పచ్చగా బాగుంటుంది గానీ మెట్లు జారతాయి. ఏప్రిల్, మే వద్దు.

బసవకల్యాణ్ కూడా కలిపేయొచ్చా?

ఎనభై కిలోమీటర్లు. మూడు రోజులుంటే సరే. రెండు రోజుల్లో కలిపితే ట్రిప్పంతా కారులోనే గడుస్తుంది.

ఖర్చు?

మాకు రానూపోనూ, లోకల్ తిరుగుడు కలిపి మూడువందల కిలోమీటర్లయింది, లీటరుకి పదిహేను ఇచ్చే కారుకి ఇరవై లీటర్లు. గది, రెండు పూటల హోటల్ తిండి, ఒక పూట లంగర్, అంటే గురుద్వారా భోజనం. అసలు ఖర్చు బిద్రీ దగ్గరే. పర్సు ఎవరి చేతిలో ఉండాలో ముందే నిర్ణయించుకోండి.

తిరుగు దారిలో ఇంకేమైనా ఉందా?

టైముంటే జహీరాబాద్ నుంచి పక్కకి తిరిగి ఝరాసంగం. కేతకీ సంగమేశ్వరుడు. శివుడికి మొగలిపువ్వు పనికిరాదంటారు కదా, ఇక్కడ దాంతోనే పూజ, పేరు కూడా దాన్నిబట్టే. మా అత్తయ్య ఈ ట్రిప్పుకి ఒప్పుకున్నదే ఈ గుడి కోసం. జహీరాబాద్ వైపు అల్లం, ఆలుగడ్డ బాగా పండుతాయి, రోడ్డు పక్కన అమ్ముతుంటే తెచ్చుకోండి.

ఒక్క జాగ్రత్త: చెరకు సీజన్‌లో ఆ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు వరసగా పోతుంటాయి, వెనక లైట్లుండవు, గడలు బయటికి పొడుచుకుని ఉంటాయి. చీకటి పడేలోపు సదాశివపేట దాటేలా, నాలుగింటికల్లా బీదర్ వదిలేయండి.